కారు ఎత్తు పందొమ్మిది మిల్లీమీటర్లు పెరిగిన సంగతి

పౌరులు ఎదగాలని ప్రతి ప్రభుత్వమూ కోరుకుంటుంది. వాళ్ళ ఆయుష్షు పెరగాలని, పిల్లలు చదువుల్లో పైకి రావాలని ప్రసంగాల్లో చెబుతూనే ఉంటుంది. పౌరుడి కారు ఎదగడం మాత్రం వేరే సంగతి. అది క్రమశిక్షణకి సంబంధించిన విషయం. అందుకోసమే వాహనాల ఎత్తు నియంత్రణ విభాగమని ఒకటుంది. దానికి మూడంతస్తుల భవనం, నూట నలభై మంది సిబ్బంది, రెండో అంతస్తు దాకా మాత్రమే వెళ్ళే లిఫ్టు, ఒక స్టీలు స్కేలు ఉన్నాయి. (స్కేలు ఒక్కటే కావడం వల్ల క్యూ ఏర్పడిందని, క్యూ ఏర్పడటం వల్ల సిబ్బంది అవసరమయ్యారని విభాగం చరిత్ర చెబుతోంది.)

యాభై మూడేళ్ళ వయసు వచ్చేదాకా టేపు మాస్టారుకి ఈ విభాగంతో పేచీ రాలేదు. ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే అందులో కూడా టేపు చివరి ఇత్తడి ముక్క పడిందని, డాక్టరు దాని గురించి పావుగంట ఆందోళన పడ్డాడని ఆయన భార్య అందరికీ చెబుతుంటుంది.

మాస్టారుకి ఒక అక్క ఉంది. ఆయనకన్నా పదకొండేళ్ళు పెద్ద. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆమే. ముప్పై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని రిటైరై, తమ్ముడింట్లోనే వీధివైపు గదిలో ఉంటోంది. ఆ ఏడాది ఆమెకి తుంటి కీలు మార్చారు. ఆపరేషను చేసిన డాక్టరు రెండు మాటలు చెప్పారు. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి రావాలి, లేకపోతే కాలు బిగిసిపోతుంది. మోకాలికన్నా తక్కువ ఎత్తులో ఉన్న దేని మీదా కూర్చోకూడదు, కూర్చుంటే కొత్త కీలు జారిపోతుంది. ఈ రెండు మాటలకీ మధ్య మాస్టారు కారు ఉంది.

అది పాతది, చిన్నది, నేలతో బాగా చనువుగా ఉండే కారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు అక్కని అందులో కూర్చోబెట్టడానికి పావుగంట, దింపడానికి అరగంట పట్టింది. కౌంటరు ముందు జనం ఎంత గొడవ చేసినా కనురెప్ప వేయని మనిషి, ఆ రోజు కారు డోరు పట్టుకుని నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సీటు మీద దిండు వేసి చూశారు. దిండు సగం అణిగింది, మిగతా సగానికి తల కప్పుకి తగిలింది. టాక్సీలు చూశారు, అవి ఇంకా కిందికి ఉన్నాయి. రెండు వారాలు ఆమె ఫిజియోథెరపీకి వెళ్ళలేదు. ఒక సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు, "ఇంక ఈ గదే నా ఊరనుకుంటాలే" అంది. పక్క గదిలో కాజాలు కుడుతున్న మాస్టారు చేతిలో సూది ఆగిపోయింది.

మర్నాడు ఆయన టైర్ల షాపుకి వెళ్ళారు. షాపాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చూపించాడు. 175/65 ఆర్14. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, అది వెడల్పులో నూటికి ఇన్ని పాళ్ళు. చివరిది లోపలి రిమ్ము, అంగుళాల్లో. ఒకే చక్రానికి మూడు రకాల కొలతలని విని మాస్టారు మెడలో టేపు సర్దుకున్నారు. చేతులు అంగుళాల్లో, నడుము సెంటీమీటర్లలో, కాలరు నడుములో నూటికి ఇంతని కుడితే ఆ చొక్కా ఎవరు తొడుక్కుంటారని ఆయన సందేహం.

రిమ్ము ఒక్కటే పెంచి టైరు పలచన చేస్తే బండి చూడ్డానికి బాగుంటుంది గానీ ఎత్తు అంతే ఉంటుందని షాపాయన వివరించాడు. కుర్రకారు అలాగే చేయించుకుంటారట. ఎత్తు కావాలంటే రిమ్ముతోపాటు టైరు కూడా పెరగాలి. 185/65 ఆర్15 వేస్తే చక్రం అడ్డకొలత ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, కారు అందులో సగం, పందొమ్మిది మిల్లీమీటర్లు లేస్తుంది.

"సగమే ఎందుకు?" అని అడిగారు మాస్టారు.

"ఇరుసు చక్రానికి నడిమధ్యలో ఉంటుంది కదా మాస్టారూ. కింద పెరిగిన సగం కారుని లేపుతుంది. పైన పెరిగిన సగం మడ్‌గార్డు కింద ఖాళీలోకి పోతుంది."

మాస్టారు టేపు మీద చూసుకున్నారు. పందొమ్మిది మిల్లీమీటర్లంటే ముప్పావు అంగుళం. వినేవాళ్ళకి అదో లెక్క కాదు. దర్జీకి మాత్రం ముప్పావు అంగుళమంటే మాటలు కాదు. ముప్పావు అంగుళం తేడా వస్తే మనుషులు చొక్కా మారుస్తారు, అద్దం మారుస్తారు, దర్జీని కూడా మారుస్తారు. ఆయన సరేనన్నారు.

కొత్త చక్రాల మీద కారు ఇంటి ముందు నిలబడ్డాక అక్క చేతికర్రతో వచ్చింది. వెనక్కి తిరిగింది. డోరు పట్టుకుంది. నెమ్మదిగా వెనక్కి ఒరిగి, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. అంతా కలిపి ఒక నిమిషం పట్టలేదు.

"కూర్చున్నాన్రా," అంది, తనకే నమ్మకం లేనట్టు.

మూడు వారాలు సుఖంగా గడిచాయి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అక్క కాలు తుంటి దగ్గర తొంభై డిగ్రీలు వంగుతోందని కాగితం మీద రాసిచ్చింది. నాలుగో వారం కారుకి ఏడాదికోసారి జరిగే ఎత్తు తనిఖీ వచ్చింది.

తనిఖీకి ముందు విభాగం వారి యాప్‌లో టోకెను తీసుకోవాలి. యాప్ మొట్టమొదట "మీ ఎత్తు ఎంత?" అని అడిగింది. మాస్టారు నిజాయితీగా ఐదడుగుల నాలుగంగుళాలని నింపారు. అది కారు ఎత్తు కింద నమోదైంది. దాన్ని సరిచేయించడానికి ఒక ఉదయమంతా పట్టింది. (సరిచేసిన తర్వాత మాస్టారు ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలుగా నమోదైంది. దానికి వేరే కౌంటరు ఉందన్నారు.)

స్కేలుతో కొలిచే ఉద్యోగిని అందరూ కొలతలాయన అంటారు. ఆయన రోజుకి అరవై కార్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం మీది మడ్‌గార్డు అంచు నుంచి నేల దాకా కొలిచి, పక్కనున్న రిజిస్టరులో రాస్తాడు. మాస్టారు ముందుగా చూసింది ఆయన ప్యాంటు మోకాళ్ళని. బట్ట పూర్తిగా అరిగి, దారాలు తేలి ఉంది. కొలతలాయన చూసింది స్కేలుని. రెండుసార్లు తుడిచి చూశాడు. రికార్డులో ఉన్నదానికన్నా కారు పందొమ్మిది మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. ఆయన లేచి, అద్దం మీద "ఎత్తు ఎక్కువ" అని ఎర్ర కాగితం అంటించి, మాస్టారుని రెండో అంతస్తుకి పంపించాడు.

రెండో అంతస్తులో పెద్దాఫీసరు ఉంటారు. ఆయన చాలా శాంతమైన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు, దేన్నీ పెంచడం ఆయనకి ఇష్టం లేదు. ఫైలు తెరిచి, చక్రం ఎంత పెరిగిందని అడిగారు. ముప్పై ఎనిమిది అన్నారు మాస్టారు. కారు ఎంత లేచిందని అడిగారు. పందొమ్మిది అన్నారు మాస్టారు.

"మిగతా పందొమ్మిది ఏమైంది?"

మాస్టారు షాపాయన చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పారు. పైన పెరిగిన సగం మడ్‌గార్డు కిందికి పోయిందన్నారు.

పెద్దాఫీసరు పెన్ను మూత తీశారు. "అంటే దాచారు," అన్నారు.

అలా ఒక్క తప్పు రెండయింది. అనధికార ఎదుగుదల ఒకటి, ఎదిగినదాన్ని మడ్‌గార్డు కింద దాచిపెట్టుట మరొకటి. మాస్టారు కాగితం తీసుకుని చక్రం గీసి, ఇరుసు గీసి, వ్యాసానికీ వ్యాసార్ధానికీ తేడా చెప్పబోయారు. పెద్దాఫీసరు ఓపిగ్గా విన్నారు. విని, ఆ చక్రం బొమ్మని నేరాంగీకారం కింద ఫైల్లో కలిపారు.

అంతటితో పోలేదు. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. కారులో మీటరుకి ఆ సంగతి తెలియదు, అది చుట్లు లెక్కపెట్టి పాత చక్రం దూరమే చూపిస్తుంది. మీటరు ప్రకారం మూడు వారాల్లో కారు రెండు వందల కిలోమీటర్లు తిరిగింది. విభాగం లెక్క ప్రకారం రెండు వందల పదమూడు. ఆ పదమూడు కిలోమీటర్లు ఎక్కడ, ఎవరితో, ఏ పని మీద తిరిగారో పట్టికలో నింపి ఇవ్వాలన్నారు. అది "ఫారం 9-ఎత్తు, అనుబంధం దూరం". ఇంటికి తెచ్చి అక్కకి ఇస్తే, ఆమె కళ్ళజోడు పెట్టుకుని, "ప్రతి కిలోమీటరులోనూ కొంచెం కొంచెం" అని ఒక్క వరుస రాసి సంతకం పెట్టించింది. సమాధానం సత్యమే గానీ గడులలో ఇమడలేదని ఫారం తిరిగి వచ్చింది.

మాస్టారుకి రెండు దారులు చూపించారు. పాత చక్రాలు బిగించుకోవడం మొదటిది. బిగించి చూశారు కూడా. అక్క సగం దాకా ఒరిగి, పెదవి కొరుక్కుని మళ్ళీ నిలబడింది. ఆ సాయంత్రమే పెద్ద చక్రాలు తిరిగి ఎక్కాయి. రెండోది ఎత్తు పెంపు అనుమతి. దానికి, కారు వెళ్ళే దారిలో ఉన్న వంతెనల శాఖ నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తేవాలి. ఆ దారిలో ఉన్నది ఒక్క వంతెన. దాని అడుగుకీ రోడ్డుకీ మధ్య ఐదున్నర మీటర్లు, మాస్టారు కారు మీటరున్నర కూడా లేదు. పది రోజులకి వంతెనల శాఖ నుంచి జవాబు వచ్చింది. వంతెన కింద వాహనాలు వెళ్తున్న విషయం తమ దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలనీ, పరిశీలన పూర్తయ్యేదాకా మాస్టారు అక్కడ వంగి వెళ్ళగలరనీ అందులో ఉంది.

ఎర్ర కాగితం ఉన్న కారు రోడ్డెక్కకూడదు కాబట్టి ఈ పది రోజులూ అది ఇంటి ముందే ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఫోను చేసి ఇంట్లోనే కాలు వంచి చూడమంది. మాస్టారు టేపుతో, గోడమీద గీతలతో తంటాలు పడి కొలిస్తే డెబ్బై డిగ్రీల దగ్గర ఆగింది. అక్క ఆ రోజు భోజనానికి కూడా గదిలోంచి రాలేదు.

మాస్టారు మళ్ళీ విభాగానికి వెళ్ళారు. పెద్దాఫీసరు సమావేశంలో ఉన్నారు. (సమావేశం అంశం, సమావేశాల వ్యవధి తగ్గింపు.) ఊరికే కూర్చోలేక, మాస్టారు సంచీలోంచి సూదీ దారం తీసి, కొలతలాయన్ని స్టూలు మీద కూర్చోమని, ఆయన మోకాళ్ళకి లోపలివైపు నుంచి దళసరి బట్ట వేసి కుట్టారు. (ప్యాంటు విభాగం ఇచ్చిన యూనిఫారం కాబట్టి ఇది లంచం కిందికి రాదని, ప్రభుత్వ ఆస్తి మరమ్మతు కిందికి వస్తుందని తర్వాత తేలింది.) కొలతలాయన మోకాలు వంచి చూసుకున్నాడు. అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, వాహనాన్ని సాధారణ స్థితిలో కొలవాలనే రూల్లో ఉంది. ఖాళీగా కొలవాలని ఎక్కడా లేదు."

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే, గదిలోంచి అక్క పిలిచింది. నియమావళి కాపీ తెప్పించుకుని, మధ్యాహ్నమంతా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. ఆమె మొహంలో పాత కౌంటరు కళ వచ్చింది.

"ఒరేయ్, ఆఫీసుని మనకి కావలసింది అడగకూడదు. వాళ్ళ దగ్గర ఏముందో కనుక్కుని, అదే కావాలనాలి," అంది. "మన కారు సాధారణ స్థితి ఏంటి? అందులో మనం కూర్చుని ఉండటం. కూర్చుంటే స్ప్రింగులు దిగుతాయి. ఎంత దిగుతాయో చూడు."

ఇంటి ముందు కారు పెట్టి కొలిచారు. మాస్టారు కూర్చుంటే నాలుగు మిల్లీమీటర్లు దిగింది. అక్క కూర్చుంటే ఇంకో నాలుగు. మాస్టారు భార్య కూర్చుంటే మరో నాలుగు. మొత్తం పన్నెండు. ఇంకా ఏడు కావాలి. ఏడు మిల్లీమీటర్ల మనిషి వాళ్ళ చుట్టాల్లో ఒక్కడే ఉన్నాడు. మాస్టారు బావమరిది.

బావమరిదికి రెండు వీధుల అవతల బేకరీ ఉంది. అతనికీ అక్కకీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. బేకరీ తెరిచిన రోజు అతను స్వయంగా కోసి ఇచ్చిన కేకు ముక్క తిని, అక్క పదిమంది ముందు, దీన్ని తలుపు కింద పెడితే గాలికి కొట్టుకోదంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే గదిలో ఉండాల్సి వస్తే గోడలతో మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు రాయబారం మాస్టారు భార్య మీద పడింది. బావమరిది అంతా విని, తన కోసం పిలుస్తున్నారా, తన బరువు కోసం పిలుస్తున్నారా అని అడిగాడు. రెండూ విడిగా రావు కదా అంది ఆమె. అతనికి ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

తనిఖీ రోజున నలుగురూ కారులో కూర్చుని ఉండగా కొలతలాయన తన కొత్త మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. సరిగ్గా రికార్డులో ఉన్న ఎత్తు. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. పెద్దాఫీసరు స్వయంగా కిందికి దిగి వచ్చి (లిఫ్టు కిందికి వెళ్ళిపోయింది కాబట్టి మెట్లమీద) చూసి, ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. అందులో ఇలా ఉంది: "పై వాహనం యజమాని, యజమాని అక్క, యజమాని భార్య, యజమాని బావమరిది ఆసీనులై ఉండగా నిర్ణీత ఎత్తులో ఉన్నందున, సదరు వ్యక్తులు ఆసీనులై ఉన్నంత కాలం రహదారులపై తిరుగుటకు యోగ్యమైనది."

ఒక్క చిక్కు మిగిలింది. అక్క మొదట ఎక్కాలి. ఖాళీ కారు పైకి ఉంటుంది కాబట్టే ఆమె కూర్చోగలదు. కానీ ఆమె ఎక్కినప్పటి నుంచి చివరి మనిషి ఎక్కేదాకా కారు చట్టవిరుద్ధంగా ఎత్తులో ఉంటుంది. విభాగం దయతో ఆ కాలాన్ని "పరివర్తన దశ"గా గుర్తించి, నలభై సెకన్లు మించరాదంది. అందుకని అక్క ముందు సీట్లో సర్దుకుంటుంటే, మిగతా ముగ్గురూ మూడు డోర్లు పట్టుకుని పరుగుపందెంలో నిలబడ్డట్టు నిలబడేవాళ్ళు.

అప్పటి నుంచి మాస్టారు దారపు ఉండలు కొనడానికి వెళ్ళినా నలుగురూ వెళ్ళారు. వాళ్ళావిడ కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళినా నలుగురూ వెళ్ళారు. బావమరిదికి జలుబు చేస్తే కారు కదిలేది కాదు. అతను వారానికి మూడు పూటలు బేకరీని పనివాళ్ళకి ఒదిలి, అక్క సీటు వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. మొదటి వారం అద్దాలతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం అక్క, ముందుకే చూస్తూ, "కాళ్ళు కొంచెం జరుపు అబ్బాయ్, సీటుకి తగులుతున్నాయి" అంది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. అతను కాళ్ళు జరిపాడు. జరగడానికి చోటు లేకపోయినా జరిపాడు. మూడో వారం ఒక పొట్లంలో బన్నులు తెచ్చి, ఎవరికని చెప్పకుండా ముందు సీటు మీదుగా అందించాడు. అక్క ఒకటి తుంచి తిన్నది.

"మెత్తగా ఉందోయ్," అంది.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో అతనికి జలుబు చేసిందేమోనని మాస్టారు భయపడ్డారు.

అక్క లోపల వ్యాయామం చేసే గంటసేపు బావమరిది వరండాలో కూర్చునేవాడు. అతను నాలుగు మెట్లెక్కి ఆయాసపడటం చూసి, ఫిజియోథెరపీ అమ్మాయి ఆ గంటా వరండాలో నడవమంది. నడిచాడు. అతనికి తోడుగా చివరి పది నిమిషాలు అక్క కూడా కర్ర పట్టుకుని నడిచేది. రెండున్నర నెలల్లో అక్క కాలు వంగడం నూటపది డిగ్రీలకి వచ్చింది, బావమరిది పన్నెండు కిలోలు తగ్గాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. రోడ్డు మీద జరిగిన ఆకస్మిక తనిఖీలో కారు ఒక మిల్లీమీటరు ఎత్తుగా తేలింది.

ఈసారి నోటీసు బావమరిది పేరు మీద వచ్చింది. పెద్దాఫీసరు అతన్ని కూర్చోబెట్టి, తన పిల్లలతో మాట్లాడినంత నెమ్మదిగా చెప్పారు.

"మీరు ఈ వాహనంలో భాగంగా నమోదయ్యారండీ. భాగాన్ని మార్చుకునేముందు అనుమతి తీసుకోవాలి."

తగ్గిన బరువు తిరిగి పెరగడానికి విభాగం నలభై ఐదు రోజులు గడువిచ్చింది. డాక్టరు ఒప్పుకోనన్నాడు. చివరికి బేకరీ నుంచి పన్నెండు కిలోల మైదా సంచీ తెచ్చి, అతను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేలా ధ్రువపత్రం సవరించారు. "యజమాని బావమరిది (మైదాతో)" అని అందులో చేర్చారు. మొదటిసారి సంచీ ఎత్తుకుని కూర్చున్నప్పుడు అతను ఇబ్బంది పడ్డట్టు కనిపించలేదు. "పోయిందంతా మళ్ళీ ఒళ్ళోకే వచ్చింది బావా," అన్నాడు అంతే.

ఆ తర్వాతి నెలలో ఒక బుధవారం ఫిజియోథెరపీ అమ్మాయి ఒక చిన్న స్టూలు తెచ్చి గది మధ్యలో వేసింది. పిల్లలు కూర్చునేంత పొట్టి స్టూలు. అక్క దాన్ని చూసింది. కర్ర గోడకి ఆనించి, కూర్చుంది. చేతులు దేనికీ ఆనించకుండా లేచింది. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది. మాస్టారు కళ్ళజోడు తీసి టేపు కొసతో తుడుచుకోవడం మొదలుపెట్టారు, అది దానికి పనికిరాదని తెలిసినా. ఇంక రానక్కర్లేదని, ఏ కారులోనైనా కూర్చోవచ్చని ఆ అమ్మాయి కాగితం రాసిచ్చింది.

మాస్టారు ఆ వారమే పాత చక్రాలు బిగించేశారు. కారు పందొమ్మిది మిల్లీమీటర్లు కిందికి దిగి, ఎప్పుడూ ఉండే చోటికి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామని బావమరిది అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. చెప్పకపోతే తప్పు మనదవుతుందని, చెబితే వాళ్ళదవుతుందని ఆమె వాదన. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు అలాంటిది. నలుగురూ, మైదా సంచీతో సహా, విభాగానికి వెళ్ళారు.

కొలతలాయన కొలిచాడు. రెండోసారి కొలిచాడు. లేచి నిలబడి మాస్టారు వైపు జాలిగా చూశాడు. నలుగురితో కారు ఉండాల్సినదానికన్నా పందొమ్మిది మిల్లీమీటర్లు కిందికి ఉంది. పెద్దాఫీసరు వచ్చి చూసి, దీన్ని అనధికార కుంగుబాటు అంటారని చెప్పారు. కారు అసలు చక్రాల మీదే ఉందని, ఇదే అసలు ఎత్తని మాస్టారు మొత్తుకున్నారు. పెద్దాఫీసరు కాదనలేదు. అయితే ఆ ఏడాదికి ధ్రువపత్రం ఇచ్చేశామని, ధ్రువపత్రంలో ఉన్న ఎత్తు మార్చడం కుదరదని, కావాలంటే మనుషుల్ని మార్చుకోవచ్చని అన్నారు.

ముందు మైదా సంచీ దింపారు. ఒక మిల్లీమీటరు లేచింది. బావమరిది దిగాడు. ఇంకో ఆరు. మాస్టారు భార్య దిగితే నాలుగు, అక్క దిగితే నాలుగు. ఆమె ఎవరి సాయమూ లేకుండా దిగింది, ఆ సంగతి రిజిస్టరులో రాయడానికి గడి లేదు. ఇంక స్టీరింగు దగ్గర మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఇంకా నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. కొలతలాయన మోకాళ్ళ మీదే ఉండి, కొంచెం సిగ్గుపడుతూ, "మీరు కూడా దిగండి మాస్టారూ" అన్నాడు.

మాస్టారు దిగారు. సరిపోయింది.

ధ్రువపత్రం అక్కడికక్కడే సవరించి ఇచ్చారు. వాహనం అన్ని రహదారులపై తిరుగుటకు యోగ్యమైనదనీ, ప్రయాణ సమయమున డ్రైవరుతో సహా ఎవరూ లోపల ఉండరాదనీ అందులో ఉంది. కారుని ఇంటికి తోసుకుంటూ వెళ్ళారు. మాస్టారు కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పారు, భార్య సంచీ మోసింది, బావమరిదీ అక్కా వెనక నుంచి తోశారు. దారిలో ఇద్దరూ బన్నుల్లో వేసే ఈస్టు గురించి ఏదో వాదించుకుంటూనే ఉన్నారు.

కారు అప్పటి నుంచి ఇంటి ముందే ఉంది. మరుసటి ఏడాది చివర విభాగం నుంచి మాస్టారుకి ఒక ఉత్తరం వచ్చింది. ఆ సంవత్సరం ఒక్క నియమం కూడా ఉల్లంఘించని ఏకైక వాహనంగా ఆయన కారుని ఎంపిక చేసినందుకు అభినందనలు తెలిపి, వచ్చే సోమవారం ఉదయం పదకొండు గంటలకి యజమాని ఆ వాహనాన్ని స్వయంగా నడుపుకుంటూ వచ్చి పురస్కారం స్వీకరించాలని కోరారు.